దీర్ఘాయువు గల బ్లాగు – స్థలమార్పిడి సమస్యలు

మనిషి తన మనస్సులోని మాటను కాగితముపై పెట్టుకొనుట పాత అలవాటే. దినచర్య వ్రాసుకొనువారు, ఉత్తరముల నకళ్లు దాచుకొనువారు, జమాఖర్చు పుస్తకపు అంచులలో ఊరి ముచ్చట్లు టూకీగా గుర్తు పెట్టుకొనువారు మన పెద్దలలో కొందరు ఉండినారు. ఆ అలవాటే కంప్యూటరు కాలమున బ్లాగు అను రూపమును దాల్చినది. ప్రతి రచనకును తేదీ ఉండుట, క్రొత్తది పైనను పాతది క్రిందను ఉండుట, చదివినవారు తమ అభిప్రాయమును అక్కడనే తెలుపగలుగుట దాని లక్షణములు. 1997లో అమెరికాలో జోర్న్ బార్గర్ అను ఆయన దీనికి 'వెబ్‌లాగ్' అని పేరు పెట్టగా 1999లో అది 'బ్లాగ్' అని కురుచయైనది. తెలుగువారు చివర ఉకారము చేర్చి బ్లాగు అన్నారు. అందులోని ఒక్కొక్క రచనను 'టపా' అన్నారు. నిజాం కాలమున ఉత్తరముల బట్వాడాకు మన ప్రాంతమున టపా అనియే వ్యవహారము. బాన్సువాడ వృద్ధుల నోట నేటికిని వినబడు ఆ మాట కంప్యూటరు దారిన తిరిగి వచ్చుట ముచ్చటైన సంగతి. ఉర్దూ బ్లాగులలో రచనను 'తహ్రీర్' అనియు, పాఠకుని అభిప్రాయమును 'తబ్సిరా' అనియు అందురు.

బ్లాగు మొదలుపెట్టుట గంటసేపటి పని. దానిని ఇరువది ఏండ్లు నిలుపుట వేరు పని. చాలమంది అనుకొనునట్లు వ్రాయుటకు విషయము లేకపోవుట వలననే బ్లాగులు ఆగిపోవుట లేదు. క్రింది నేలయే కదలిపోవుచుండుట అందుకు మరియొక పెద్ద కారణము. మనము వ్రాయునది మనదే గాని, వ్రాయు స్థలము పరులది. ఆ స్థలమును నడుపు సంస్థ అమ్ముడుపోవచ్చును, ఆసక్తి కోల్పోవచ్చును, మూతపడవచ్చును. అప్పుడు మూటాముల్లె సర్దుకొని మరియొక చోటికి పోవలసినదే. దీర్ఘాయువు గల ప్రతి బ్లాగు వెనుకను ఇట్టి వలసలు ఒకటో రెండో ఉండక తప్పదు. ఆ వలసలో ఏమి నిలుచును, ఏమి పోవును అనునది ఈ వ్యాసమున మేము విచారింపదలచిన విషయము.

ముందుగా మూతపడిన ఇండ్ల సంగతి. 1990లలో సొంత పుటలు పెట్టుకొనుటకు జియోసిటీస్ ప్రసిద్ధమైన చోటు. యాహూ సంస్థ దానిని కొని, 2009 అక్టోబరులో మూసివేసినది. అందులోని పుటలలో పెక్కింటిని స్వచ్ఛంద సేవకులు చివరి నెలలలో రాత్రింబవళ్లు నకలు తీసికొని కాపాడినారు. వ్రాసినవారిలో ఎందరికో ఆ సంగతియే తెలియదు. మైక్రోసాఫ్ట్ వారి లైవ్ స్పేసెస్ 2011లో ముగిసినది. అయితే వారు తమ రచయితలను వర్డ్‌ప్రెస్ గూటికి చేర్చు ఏర్పాటు చేసి మరీ తలుపు మూసినారు. పోస్టెరస్ అను సేవను ట్విట్టర్ సంస్థ 2012లో కొని, 2013 ఏప్రిల్ 30న ఆపివేసినది. 2003లో పుట్టి, డబ్బు చెల్లించి వ్రాసుకొనువారికి నమ్మకమైన చోటుగా పేరుపడిన టైప్‌ప్యాడ్ 2025 సెప్టెంబరు 30న మూతపడినది. రచయితలకు దొరికిన వ్యవధి నెల రోజులు. కావున ఉచితముగా ఇచ్చినది పోవును, డబ్బు చెల్లించినది నిలుచును అను నమ్మకము కూడ సరియైనది కాదు. ప్యూ పరిశోధన సంస్థ 2024లో ప్రకటించిన లెక్క ప్రకారము, 2013లో ఉండిన వెబ్ పుటలలో నూటికి 38 పుటలు పది సంవత్సరముల తరువాత దొరకలేదు.

బ్రతికి ఉన్న సేవలును మారుచుండును. బ్లాగరు అను సేవ 1999 ఆగస్టులో పైరా ల్యాబ్స్ అను చిన్న సంస్థలో పుట్టి 2003లో గూగుల్ చేతికి వచ్చినది. తెలుగు బ్లాగులలో ఎక్కువ భాగము పుట్టినది దాని ఒడిలోనే. మొదట అందులో వ్రాసి, వ్రాసినదానిని తమ సొంత సర్వరునకు పంపుకొను వీలుండెను. 2010లో ఆ వీలును తీసివేసినారు. ఇల్లు కూలలేదు గాని దొడ్డిదారి మూసుకొనిపోయినది. సొంత స్థలము గలవారు ఏదో ఒక వైపు తేల్చుకొనవలసి వచ్చినది.

వలసపోవుచు కూడ నిలిచినవారు లేకపోలేదు. అమెరికాలో డేవ్ వైనర్ 1997లో మొదలుపెట్టిన 'స్క్రిప్టింగ్ న్యూస్' నేటికిని నడచుచున్నది. వ్రాత పనిముట్లను ఆయనయే తయారుచేసికొని, ఒకదాని తరువాత ఒకటి మార్చుచు వచ్చినాడు. మన తెలుగువారిలో నిడదవోలు మాలతిగారిని చెప్పుకొనవలెను. ఒకప్పుడు తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ గ్రంథాలయమున పనిచేసి, తరువాత అమెరికాలో స్థిరపడిన ఈ రచయిత్రి 2001లో తెలుగు కథల ఆంగ్లానువాదములకై 'తూలిక' అను జాలపత్రికను స్థాపించి, తరువాత తెలుగు రచనలకై 'తెలుగు తూలిక' అను బ్లాగును నెలకొల్పినారు. పుస్తకమును అలమారలో పెట్టుటతో గ్రంథపాలకుని పని తీరదు, అడిగినవారికి అది దొరకవలెను గదా. బ్లాగు నడుపువారికి కావలసిన బుద్ధియు అదియే అని మా అభిప్రాయము.

ఇంతవరకు చెప్పినది లోకమంతటికిని వర్తించును. తెలుగువారికిని ఉర్దూవారికిని ఇంతకంటె ముందే మరియొక పెద్ద వలస తటస్థించినది. అది లిపి వలస. ఆంగ్లేయ రచయిత ఇల్లు మారినప్పుడు అక్షరములు మారలేదు. మనకు అక్షరములే మారినవి.

1990లలో కంప్యూటరుపై తెలుగు వ్రాయుటకు ఏకాభిప్రాయము లేదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున ఉండిన కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గారలు తెలుగును ఆంగ్లాక్షరములతో వ్రాయు పద్ధతినొకదానిని రూపొందించినారు. ఆర్‌టీఎస్ అని దానికి ప్రసిద్ధి. కొందరు దానిలోనే వ్రాసినారు, దానిలోనే చదివినారు. పత్రికలవారు ఎవరి ఫాంటు వారు చేయించుకొన్నారు. ఒక పత్రిక ఫాంటులో 'క' ఉన్న చోట మరియొక పత్రిక ఫాంటులో మరేదో అక్షరముండును. తెరపై తెలుగు కనబడుచున్నను కంప్యూటరు లోపల ఉన్నది తెలుగు కాదు. ఆంగ్లాక్షరములకు తొడిగిన తెలుగు ముసుగు మాత్రమే. ఫాంటు లేని యంత్రముపై ఆ ముసుగు జారిపోయి పిచ్చిగీతలు మిగులును. యూనికోడు అను ఉమ్మడి పద్ధతి 1991లోనే తెలుగునకు 128 గళ్ల స్థలమును కేటాయించినను, సామాన్యుల కంప్యూటర్లలో అది చక్కగా కనబడుటకు 2001లో విండోస్ ఎక్స్‌పీ రావలసి వచ్చినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారి పోతన, వేమన ఫాంట్లు, వీవెన్‌గారి 'లేఖిని' అను వ్రాతపరికరము తెలుగువారికి ఆ రోజులలో చేసిన మేలు చిన్నది కాదు. 2005 తరువాత తెలుగు బ్లాగులు గుంపులు గుంపులుగా పుట్టినవన్నచో కారణము అదియే. పాత ఫాంట్లలోని వ్రాతను యూనికోడునకు మార్చుటకు వెన్న నాగార్జునగారు 'పద్మ' అను ఉపకరణమును తయారుచేసినారు. 1998లో మొదలైన 'ఈమాట' పత్రిక తన తొలి సంచికలను తరువాత యూనికోడులోనికి తెచ్చుకొన్నది గనుకనే నేడు మనము వాటిని చదువగలుగుచున్నాము, వెదకగలుగుచున్నాము. ఆ శ్రమ పడనివారి వ్రాతలు ఎక్కడనో భద్రముగా ఉండియు చదువరాకున్నవి.

ఉర్దూ సంగతి మరియు జటిలము. నస్తాలీఖ్ లిపిలో అక్షరములు ఏటవాలుగా ఒకదానిపై ఒకటి ఒరిగి సాగును. దానిని యంత్రమునకు నేర్పుట ఎంతో కష్టము. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ గారి నూరీ నస్తాలీఖ్‌తో ఆ దారి తెరచుకొన్నది. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ ఉర్దూ పుస్తకముల ముద్రణను తన చేతిలోనికి తీసికొన్నది. అచ్చు అందముగా ఉండెను గాని పాత ఇన్‌పేజ్ దస్త్రము లోపలిది యూనికోడు కాదు. దానిని మార్చకుండ బ్లాగులో పెట్టుటకు వీలులేక కొందరు పుటను బొమ్మగా తీసి పెట్టినారు. బొమ్మలో షేర్ ఎంత చక్కగా ఉన్నను వెదికినచో దొరకదు. యూనికోడులోనికి వచ్చిన తరువాత కూడ ఒక చిక్కు కలదు: అరబ్బీ కీబోర్డుపై కొట్టిన 'యే', 'కాఫ్' అక్షరములును ఉర్దూ కీబోర్డుపై కొట్టిన 'యే', 'కాఫ్' అక్షరములును కంటికి ఇంచుమించు ఒకటే అయినను యంత్రమునకు వేరు వేరు. ఒక రీతిగా వ్రాసిన 'కితాబ్' మరియొక రీతిగా వెదికినచో దొరకకపోవచ్చును. ఇల్లు మార్చుకొను సమయమే ఇట్టివానిని ఒక దారికి తెచ్చుటకు తగిన సమయము.

మన నిజాంసాగరమును కట్టునప్పుడు మంజీర ఒడ్డున మునిగిన పల్లెలవారు ఇండ్లు విడిచి పోవలసి వచ్చినది. 1931లో ఆ కట్టడము పూర్తియైనది. ఊరు తరలునప్పుడు దూలములను, ద్వారబంధములను, ధాన్యమును బండ్లకెత్తుకొని పోవచ్చును. బావిని, బాటను ఎత్తుకొని పోలేరు. బ్లాగునకును అంతే. టపాలు దూలముల వంటివి; దాదాపు ఎప్పుడును తరలించవచ్చును. బాట తరలదు. బాట అనగా చిరునామా. మన టపాను మెచ్చి ఇతరులు తమ వ్రాతలలో ఇచ్చిన లంకెలు, విద్యార్థి తన నోటుపుస్తకములో వ్రాసికొన్న చిరునామా, వెదకుడు యంత్రము గుర్తుపెట్టుకొన్న తావు, ఇవన్నియు పాత ఇంటికే దారి తీయును. ఇల్లు మారినంతనే అవి గోడకు తగులును. వెబ్బును కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ మంచి చిరునామా మారరాదని 1998లోనే వ్రాసినాడు. చెప్పినంత సులభముగా జరుగలేదు.

ఈ చిరునామా విషయమున తెలుగువారికి కలిగిన ఇబ్బంది ఇంతంత కాదు. శీర్షిక పూర్తిగా తెలుగులో ఉన్నచో బ్లాగరునకు దానినుండి చిరునామా కట్టుట చేతగాదు. 'బ్లాగ్-పోస్ట్' అని పెట్టి ప్రక్కన ఒక అంకె వేసి ఊరుకొనును. తాతగారి జ్ఞాపకములు వ్రాసినను, పచ్చడి చేయు విధానము వ్రాసినను అదే పేరు. చిరునామాను చూచి లోపల ఏమున్నదో ఊహించు వీలు లేదు. వర్డ్‌ప్రెస్ తెలుగు శీర్షికనే చిరునామాగా ఉంచును, అది మేలే. కాని లోపల ఒక్కొక్క తెలుగు గుర్తును తొమ్మిది ఆంగ్ల గుర్తులుగా మార్చి వ్రాయును. 'అమ్మ' అను చిన్న మాటకు ముప్పది ఆరు. చిరునామాకు కేటాయించిన గళ్లు రెండు వందలే గనుక, గుణింతములు ఒత్తులు కలుపుకొని ఇరువదిరెండు గుర్తులు దాటిన శీర్షిక నడుమనే తెగిపోవును. కావున శీర్షిక తెలుగులోనే ఉంచి, చిరునామాను మాత్రము పొట్టిగా, రచయితయే స్వయముగా ఇచ్చుట మంచిది. ఇది మొదటి దినముననే చేయవలసిన పని.

చిరునామా తనది కాకున్నచో ఏమగునో భారతదేశపు బ్లాగరులు కళ్లారా చూచినారు. 2012లో గూగుల్ దేశమునకొక్క కొసపేరు పెట్టగా మన దేశమున బ్లాగుస్పాట్ బ్లాగులన్నియు 'డాట్ ఇన్' తో కనబడసాగినవి. జనులు ఆ చిరునామాలనే నకలు చేసి ఇతర చోట్ల పెట్టుకొన్నారు. 2018లో ఆ ఏర్పాటు ఆగినది. 2020లో ఆ 'డాట్ ఇన్' పేరు గడువు తీరి పరుల చేతికి పోయినది. బ్లాగులు చెక్కుచెదరలేదు, వాటికి పోవు లంకెలు మాత్రము చచ్చినవి. అంత గొప్ప సంస్థయే ఒక పేరును జారవిడిచినప్పుడు సామాన్యుని మాట చెప్పనేల? అయినను సొంత పేరు కొనుక్కొనుటయే ఉన్నవానిలో మేలైన ఉపాయము. ఏడాదికి వేయి రూపాయలు, అటు ఇటుగా. పేరు మన చేతిలో ఉన్నచో వెనుక ఇల్లు ఎన్నిమార్లు మారినను పాఠకుడు అదే తలుపు తట్టును. అదియు కౌలే గాని సొంతము కాదని మాత్రము గుర్తుంచుకొనవలెను; గడువు తేదీని పెళ్లి రోజును గుర్తుంచుకొన్నంత శ్రద్ధగా గుర్తుంచుకొనవలెను.

ఇక తరలించు విధానము. ప్రతి మంచి సేవయు 'ఎగుమతి' అను సౌకర్యమును ఇచ్చును. దానితో టపాలు, తేదీలు, అభిప్రాయములు ఒకే దస్త్రముగా చేతికి వచ్చును. క్రొత్త చోట 'దిగుమతి' చేసినచో అవి యథాస్థానమున కూర్చొనును. ఇక్కడ పలువురు మోసపోవునది బొమ్మల విషయమున. సాధారణముగా ఆ దస్త్రములో బొమ్మ ఉండదు, బొమ్మ ఎక్కడ ఉన్నదో ఆ చిరునామా మాత్రమే ఉండును. క్రొత్త ఇంటిలో బొమ్మలు చక్కగా కనబడుచున్నవని సంతోషించి పాత ఇంటిని తుడిచివేసినచో మరునాడు బొమ్మలన్నియు మాయమగును. బొమ్మలను వేరుగా దించి పెట్టుకొని, క్రొత్త చోట ఎక్కించిన పిదప గాని పాత ఇంటి జోలికి పోరాదు. మా మాట వినువారు పాత ఇంటిని ఎన్నడును తుడువరు. తలుపుపై క్రొత్త చిరునామా అంటించి వదలివేయుదురు. పాత చిరునామా మన అధీనములోనే ఉన్నచో '301' అను సంకేతముతో వచ్చినవారిని దానంతటదే క్రొత్త చోటికి పంపు ఏర్పాటు చేయవచ్చును; వెదకుడు యంత్రములును దానిని గౌరవించును.

తెలుగు, ఉర్దూ టపాలను తరలించిన పిదప కన్నులార చూచుకొనక తప్పదు. ఒక్కొక్కప్పుడు అక్షరముల స్థానమున అర్థము లేని ఐరోపా అక్షరముల గుంపు కనబడును. చూడ భయంకరముగా ఉన్నను అది ప్రాణాపాయము కాదు. లోపలి సంకేతములు పదిలముగా ఉండి, వాటిని చదువు పద్ధతి మాత్రమే తప్పినది; తెలిసినవారు సరిచేయగలరు. వరుసగా ప్రశ్నార్థకములే కనబడినచో, నిలువ ఉన్నదియు ప్రశ్నార్థకములే అయినచో, ఆ అక్షరములు పోయినట్లే; మూల దస్త్రము నుండి మరల తెచ్చుకొనవలసినదే. ఉర్దూ టపాలలో కుడి నుండి ఎడమకు సాగు గుర్తు జారిపోయినచో వాక్యాంతపు చుక్క తప్పు కొసకు చేరును. తెలుగులో 'సాఫ్ట్‌వేర్' వంటి మాటలలో అక్షరములను విడదీయు కంటికి కనబడని గుర్తు ఒకటి ఉండును. అది పోయినచో 'వ' అక్షరము ఒత్తుగా మారి మాట ముద్దకట్టును. పది టపాలను, వేరు వేరు సంవత్సరములవి, ముందుగా తరలించి చూచుకొన్నచో ఈ బాధలు చాల వరకు తప్పును.

అభిప్రాయముల మాట. టపాలకంటె అవియే ఎక్కువ విలువైనవని చెప్పు రచయితలు కలరు, అందులో నిజము లేకపోలేదు. ఒక మాండలిక పదమును గురించి టపాలో నాలుగు వాక్యములుండగా, క్రింద పది ఊళ్లవారు తమ తమ వాడుకను తెలిపి ఉందురు. కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు ఒకప్పుడు తెలుగు బ్లాగులన్నింటిని ఒకే చోట చూపి అట్టి సంభాషణను పెంచినవి. తరువాత జనులు ఫేస్‌బుక్కునకు తరలినారు. 2013 జూలైలో గూగుల్ రీడర్ మూతపడుటతో బ్లాగులను క్రమము తప్పక చదువు అలవాటునకును దెబ్బ తగిలినది. దిగుమతి చేసినప్పుడు అభిప్రాయములు వచ్చును గాని అవి చెప్పినవారు రారు. దానికి మందు లేదు.

ఇంకొక మాట కటువుగా చెప్పవలసి యున్నది. కొందరు అవసరము లేకున్నను ఇల్లు మార్చుచుందురు. క్రొత్త సేవ వచ్చినది, దాని అలంకరణ బాగున్నదని తరలుదురు; ఆరు మాసములు సున్నము వేయుటకే సరిపోవును, వ్రాత సాగదు. మూతపడు సూచన కనబడినప్పుడు, లేక ఎగుమతి సౌకర్యమును తీసివేసినప్పుడు తరలవలెను. అందము కొరకు తరలరాదు. పెద్దగా అందము లేని బ్లాగరులోనే ఇరువది ఏండ్లుగా వ్రాయువారు మనకంటె తెలివిగలవారు. కాని వారును ఏడాదికి రెండుమార్లు ఎగుమతి దస్త్రమును దించుకొని, ఒక నకలు ఇంటిలోను ఒక నకలు వేరు ఊరిలోను ఉంచుకొనవలెను. ముఖ్యమైన టపాలను ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీనునకు చూపి భద్రపరచుమని అడుగవచ్చును. 2001 నుండి అది అందరికిని తెరచి ఉన్నది, రుసుము లేదు.

బాన్సువాడ విద్యార్థులకు ఇదంతయు ఎందుకని ఎవరైన అడుగవచ్చును. మన తాలూకా భూముల పాత కాగితములను చూచినవారికి ఆ ప్రశ్న రాదు. సేత్వార్లు మొదలైనవి ఉర్దూలో ఉన్నవి. కాగితము చెడలేదు, సిరా చెడలేదు, అయినను చదువగలవాని కొరకు కుటుంబములు తిరుగుచున్నవి. వ్రాత నిలిచియు అందకపోవుట అనగా ఏమో మనకు తెలిసినంత ఇతరులకు తెలియదు. నేడు మన విద్యార్థులు ఉర్దూలోను తెలుగులోను, రెండును కలసిన మన ఇంటి మాటలోను వ్రాయుచున్నారు. పెండ్లి పాటలు, పంట కాలువ నీటి పంచాయితీలు, ఉర్సు ముచ్చట్లు, నానమ్మ చెప్పిన కథలు వ్రాయుచున్నారు. అవన్నియు వాట్సాప్ గుంపులలోను, ఇన్‌స్టాగ్రామ్‌లోను పడి, ఫోను మారినంతనే కొన్ని పోవుచున్నవి, కొన్ని ఎవరికిని దొరకని లోతునకు దిగుచున్నవి. ఇవి ఏ గ్రంథములోను లేవు. వ్రాసినవాడు పోగొట్టినచో మరియొక చోట వెదకుటకు తావు లేదు.

ఒక సొంత పేరు, ఒక సాదా బ్లాగు, యూనికోడు అక్షరములు, తేదీ, ఊరి పేరు ఉన్నచో మొదలుపెట్టవచ్చును. సంకేతపదము ఎక్కడ ఉన్నదో, పేరు గడువు ఎప్పుడు తీరునో ఇంటిలో మరియొకరికి తెలిసి ఉండవలెను. రెండేండ్లు వాడని ఖాతాలను తొలగించవచ్చునని గూగుల్ 2023లో ప్రకటించినది. వ్రాసినవారు జబ్బుపడినను, కాలము చేసినను ఆ గడువు ఆగదు. ఆ సంస్థయే 2013లో 'నిష్క్రియ ఖాతా' ఏర్పాటు నొకదానిని పెట్టినది. మనము కొన్ని మాసములు కనబడనిచో మన దస్త్రములను ఎవరికి అందజేయవలెనో అందులో ముందుగా వ్రాసి పెట్టవచ్చును. తమ్ముని పేరో, కూతురి పేరో, నమ్మకమైన శిష్యుని పేరో అందులో చేర్చుటకు పది నిముషములు చాలును.